పెంట జల్లించిన ఏడాది

పుట్టింటి నుంచి ఏదైనా ఊరికే తీసుకోవడం మా అమ్మకు ఇష్టం ఉండేది కాదు. నాన్న పోయిన తర్వాత మా మేనమామ ఏటా మాకు బియ్యం పంపేవాడు. ఆయన ఊరు చంపావతి ఏటికి అవతల, మా విజయనగరం నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. బియ్యం దింపిన బండి ఖాళీగా తిరిగి వెళ్ళకూడదని అమ్మ పట్టు. ఏటా వైశాఖంలో మా పెరటి గొయ్యిలో మాగిన పెంటను ఆ బండికి ఎత్తించి పంపేది. అది మామయ్య నారుమడికే వెళ్ళాలి. మెట్టకో, కూరపాదులకో వేస్తే ఒప్పుకునేది కాదు.

"నా పెంటతో మొలిసిన నారు, ఆ నారుతో పండిన గింజ. నానేటి ఊరికే కూకుని తింతన్నానా?" అని వీధిలో అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పేది.

ఆ గొయ్యి గురించి కొంచెం చెప్పాలి. ఊరి చివర పెంకుటిల్లు మాది. పెరట్లో ఒక ఆవు, ఆవు పాకకు పడమటి వైపున గొయ్యి. పేడ, పాకలో తడిసిన గడ్డి, పొయ్యిలోని బూడిద, కూర తొక్కలు, తలంటు కుంకుడు పిప్పి, వాకిలి ఊడ్చిన ఆకులు అన్నీ అందులోకే. మా ఇంట్లో పారేయడం అనే మాటకు అర్థం లేదు. ఏ వస్తువైనా పని అయిపోయాక మూడు చోట్లలో ఒక చోటికి వెళ్ళేది: గొయ్యిలోకి, పొయ్యిలోకి, లేదా ఆవు కుడితి గోళెంలోకి. నాలుగో చోటు అవసరమే వచ్చేది కాదు.

వానలు ముదిరే ముందు గొయ్యి మీద తాటాకులు పరిచి, పైన పేడ, మన్ను కలిపి మెత్తేవారు. లేకపోతే వాన నీటికి సారమంతా కొట్టుకుపోతుంది. మళ్ళీ వైశాఖం వచ్చేసరికి ఆ తాటాకులు చీకి, పెంటలో కలిసిపోయేవి. పార నేరుగా కప్పు మీదనే పడేది. పెంట ఎత్తే ముందు కప్పు తీయడమనే పని మా వాళ్ళెవరికీ తెలియదు. అంతకు ముందు ఏ కప్పునూ తీయవలసిన అవసరం రాలేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఆఖరి ఏడు చదువుతున్నప్పుడు తాటాకుకు కరువు వచ్చింది. గాలివానకు ఇళ్ళ కప్పులు లేచిపోయి, ఊళ్ళో వాళ్ళంతా ఒక్కసారే ఆకు కోసం ఎగబడ్డారు. మా అన్నయ్య అప్పటికి ఎరువుల దుకాణంలో గుమాస్తా. కొత్తగా వస్తున్న సీమ ఎరువు, అంటే రసాయన ఎరువు, గోనె సంచుల్లో వచ్చేది. ఎరువు చెమ్మగిల్లకుండా గోనె లోపల పల్చటి పాలిథీన్ సంచి ఉండేది. చిరిగిన బస్తాల లోపలి సంచులను దుకాణం వాళ్ళు ఎవరడిగితే వారికి ఇచ్చేసేవారు. అన్నయ్య కట్టలు కట్టి ఇంటికి తెచ్చేవాడు. అమ్మ దాన్ని రబ్బరు కాయితం అనేది. చుక్క నీరు దిగదని మురిసిపోయి, ఆ ఏడు తాటాకుకు బదులు వాటినే గొయ్యి మీద పరిచింది. పైన మామూలుగానే పేడ మెత్తింది.

మరుసటి వైశాఖంలో మామయ్య బండి వచ్చింది. పార మామూలుగానే కప్పు మీద పడింది. పెంటలో మెరిసే పేలికలు అందరూ చూశారట, ఎవరూ పట్టించుకోలేదు. కప్పు కూడా పెంటే అవుతుందన్నది తాతల నాటి నమ్మకం.

ఆషాఢంలో మామయ్య మా ఇంటికి వచ్చేనాటికి నేను డిప్లొమా చేతపట్టుకుని తిరిగి వచ్చేశాను. సివిల్ చదివిన వాళ్ళకు ఉద్యోగాలు దొరకని రోజులవి. దరఖాస్తులు పెట్టడం, పోస్టు కోసం వీధి అరుగు మీద కాచుకోవడం నా పని. మామయ్య నన్ను పలకరించకుండా నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. భుజం మీద తువ్వాలు దించి, ముడి విప్పి అమ్మ ముందు దులిపాడు. బురద పట్టిన పాలిథీన్ ముక్కలు. కొన్ని అరచేయంత, కొన్ని తమలపాకంత.

"అప్పా, ఇదేటో సూడు."

"రబ్బరు కాయితం. ఏటైందిరా?"

"నీ పెంటలోదే. నారుమడి నిండా ఇదే ఉన్నాది. గింజ దీని మీద పడ్డాది, మొలిసింది. ఏరు కిందికి దిగలేదు. ఎక్కడికక్కడ పసుప్పచ్చగా పండిపోయింది. పీకితే సాపలాగ లేసి వచ్చేసింది. పక్కూరోడిని బతిమాలి నారు తెచ్చుకుని ఊడుస్తన్నాను."

అమ్మ ఒక ముక్క తీసుకుని వేళ్ళతో చింపబోయింది. సాగింది గాని తెగలేదు.

"ఏడాది గోతిలో ఉన్నాది, సివకలేదేటిరా ఇది?"

"సివకలేదు. సివకదు కూడా. నాకు కోపం లేదప్పా. వచ్చే ఏడు మాత్రం బండి కట్టను. నీ పెద్దకొడుకు దుకాణంలోనే రెండు బస్తాలు కొని ఏసుకుంటాను. బియ్యం పంపుతాను. నీకేటీ లోటు సెయ్యను."

ఆయన మంచి మాటే అన్నాననుకున్నాడు. అమ్మ ముఖం మాత్రం ఆ చివరి మాటకే మారింది.

"పెంట అక్కర్లేకపోతే బియ్యమూ అక్కర్లేదు," అంది.

"అలగనకప్పా."

"అన్నాను. ఎల్లు. మజ్జిగ తాగి ఎల్లు."

మామయ్య మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయాడు. సాయంత్రం అన్నయ్య దుకాణం నుంచి వచ్చి సంగతి విని, "మావ సెప్పినదాంట్లో తప్పేటున్నాదమ్మా? ఊరంతా బస్తాలే ఏస్తన్నారు. ఈ మోత, ఈ కంపు మనకెందుకు?" అన్నాడు. అమ్మ లేచింది. ఆవుకు కుడితి పెట్టి వచ్చి, మామయ్య దులిపిన ముక్కలన్నిటినీ ఏరి చూరులో దోపింది.

నాకు ఆ సమస్య స్పష్టంగా కనిపించింది. గోతిలో పడాల్సినది, పడకూడనిది అనే విభజన మా ఇంట్లో అంతవరకు లేదు, ఎందుకంటే పడకూడనిది ఇంట్లోకే వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. కాబట్టి రెండు పనులు ఉన్నాయి. ఇప్పటికే కలిసినదాన్ని వేరు చేయాలి. ఇకమీదట కలవకుండా చూడాలి. వచ్చే వైశాఖానికి మామయ్య నారుమడికి మళ్ళీ మా పెంటే వెళ్ళాలి. ఈ సంగతి అమ్మతో అంటే, "సదువుకున్నోడివి, సూసి సెప్పు, అవుతాదేటి?" అని అడిగింది. అవుతుంది అన్నాను.

మొదటి పని మొదట్లోనే ఆగిపోయింది. ఒక్క బండికి ఎత్తగా గొయ్యి అడుగున సగం పెంట మిగిలే ఉంది. చదువుకునే రోజుల్లో ఇసుకనూ కంకరనూ జల్లెడల మీద వేసి పరిమాణాల వారీగా విడదీయడం మాకు నేర్పారు. విరిగిన మంచం చట్రానికి కోళ్ళ గూటి వల బిగించి, కట్టడం పని దగ్గర ఇసుక జల్లించే తీరులో ఏటవాలుగా నిలబెట్టాను. తట్టెడు పెంట విసిరాను. వానాకాలపు పెంట కదా, ముద్దలా వలకు అతుక్కుని ఊరుకుంది. ప్లాస్టిక్కూ దిగలేదు, పెంటా దిగలేదు.

పెరటి గోడ మీది నుంచి పక్కింటావిడ చూసింది. "ఏటి బాబూ, ఓవర్సీరు గారు పెంటతో గోడ కడతన్నారేటి?" అంది.

లోపల నుంచి వదిన అందుకుంది. "మా మరిదికి సర్కారోళ్ళు ఇచ్చిన మొదటి కాంట్రాక్టు పిన్నీ. బిల్లు కూడా పెంటలోనే ఇస్తారంట."

కార్తీకం దాకా, పెంట ఆరేదాకా, జల్లెడ పాకలో పెట్టేశాను. అమ్మ మాత్రం ఆ లోపు చేత్తో ఏరడం మొదలుపెట్టింది. కనిపించిన ముక్కను కనిపించినట్టు లాగేది. తాటాకు కోసం నేను నెల్లిమర్ల వైపు నడిచి, కల్లు గీసే వాళ్ళ దగ్గర మోపు కొని నెత్తిన పెట్టుకుని తెచ్చాను. గొయ్యి కప్పు మళ్ళీ తాటాకే అయింది.

రెండో పని ఇంటి లోపలిది. అది పెంటకన్నా గట్టిగా అతుక్కుంది.

ఇల్లంతా తిరిగి పాలిథీన్ ఎక్కడెక్కడ ఉందో చూశాను. కట్టెల మోపు మీద ఒకటి. వంటింట్లో పెంకు కారే చోట ఒకటి. ఆవకాయ జాడీ మూతికి ఒకటి. అమ్మ వానలో పాలు పితకడానికి వెళ్ళేటప్పుడు నెత్తిన కొంగులా వేసుకునేది ఒకటి. అన్నయ్య కూరగాయలు తెచ్చేవి లెక్కలేనన్ని. ఇవికాక దాని జాతివే మరికొన్ని: పళ్ళు ఊడిన దువ్వెన, పగిలిన ఎర్ర మగ్గు, పళ్ళపేస్టు మూత. వీటికి తోడు బ్లేడ్లు, గాజు పెంకులు, టార్చి బ్యాటరీలు. ఒక్కొక్కటి ఎక్కడికి పోవాలో పెరటి తలుపు మీద బొగ్గుతో రాశాను. మూలనున్న పగుళ్ళ కుండ ఒకటి ఆ నాలుగో చోటు అయింది. చివకనిది ఏదైనా అందులోకే.

వదిన తలుపు మీది రాత పైకి చదివింది. బొగ్గు తీసుకుని కింద తనూ ఒకటి రాసింది: "మరిది సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం." అమ్మకు చదవడం రాదు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఆ కాగితాలు కూడా కుండలోకే వెళ్ళాయి.

ఆవకాయ జాడీ సులువుగానే తేలింది. జాడీలో పైపైన బూజు పట్టింది. ఉప్పు తగ్గిందని అమ్మ వదినను అంటోంది, ఉప్పు తనే వేసినా. మూతికి కట్టిన పాలిథీన్ విప్పి చూపించాను. లోపలి వైపు నీటి బొట్లు. గుడ్డకు గాలి ఆడుతుంది, దీనికి ఆడదు, చెమట అంతా మళ్ళీ ఆవకాయలోకే పడుతోంది అని చెప్పాను. అమ్మ పెట్టె తెరిచి, నాన్న పొందూరు పంచెల్లో చిరుగు పట్టిన దాన్ని తీసింది. కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తనే కత్తిపీట మీద అంచు వరకు కోసి, అన్ని జాడీలకూ సరిపడా వాసెన గుడ్డలు చేసింది.

అన్నయ్యతో అలా కుదరలేదు. సంచి పట్టుకెళ్ళమంటే తలాడించేవాడు. సాయంత్రం వంకాయలు పాలిథీన్‌లోనే వచ్చేవి. "మర్సిపోనాన్రా," అనేవాడు. దుకాణంలో ఆ కాగితం చేతికి అందేంత దూరంలోనే ఉండేది, సంచి ఇంట్లో ఉండేది. మనిషిని మార్చడం కన్నా దూరాన్ని మార్చడం తేలిక. గోనెగుడ్డతో సంచి కుట్టి, దాన్ని అన్నయ్య సైకిలు హేండిలుకు కుట్టేశాను. కట్టలేదు. కడితే విప్పుతాడు. నూనెకు సీసా, బెల్లానికి డబ్బా ఆ సంచిలోనే ఎప్పుడూ పడి ఉండేవి. మొదటి రోజు, "దుకాణంలో నవ్వుతన్నార్రా, పాలమ్మేవాడినా అని," అన్నాడు. నవ్విన వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. సంచి మాత్రం ఊడలేదు.

అసలు తగువు వదినతో వచ్చింది. ఆమెకు చంటిపిల్ల. పిల్ల పక్క కింద పాలిథీన్ పరిచి, పైన పాత చీర వేసేది. నేను ఇల్లంతా ఏరుకుంటూ అక్కడికి వచ్చేసరికి, పక్క మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఇది తియ్యను."

"వదినా, ఒక్కటి ఉంచితే..."

"ఒక్కటి ఉంచితే ఏటవుతాది? మీ అన్నదమ్ములు ఏ రోజైనా బొంత ఉతికినారేటి? వానాకాలం, బొంత ఆరదు. పిల్ల తడిలో పడుకోవాలేటి? నువ్వుతికి ఆరబెడతానను, ఇప్పుడే తీసేస్తాను."

నేను ఉతుకుతానన్నాను. ఉతికాను కూడా. బావి గట్టు మీద తడి బొంత పిండటం ఎంత కష్టమో, వానలో అది ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో నాకు త్వరగానే తెలిసింది. మూడోసారికి నేనే వెళ్ళి ఆ పాలిథీన్ వదిన చేతికి తిరిగి ఇచ్చాను. ఆమె గెలిచినట్టు నవ్వలేదు. "ఇది పెరట్లోకి పోకూడదు, అంతే కదా నీకు?" అంది. దాని నాలుగు మూలలూ మడిచి కుట్టి, తాళ్ళు పెట్టి, మంచం కోళ్ళకు కట్టేసింది. పిల్ల పెద్దదయ్యేదాకా అది ఆ మంచం విడిచి కదలలేదు. నా ఆలోచన అప్పటి నుంచి కొంచెం మారింది. ఇంట్లోకి వచ్చిన వస్తువు మంచిదా చెడ్డదా అన్నది కాదు అడగవలసింది. అది ఎన్నాళ్ళు ఉంటుంది, పోయేటప్పుడు ఎక్కడికి పోతుంది అని అడగాలి. పిల్ల పక్కకు ఆ రెంటికీ జవాబు ఉంది. అన్నయ్య వంకాయల కాగితానికి లేదు.

కార్తీకం వెళ్ళాక ఎండ కాసింది. గోతిలోని పాత పెంట తోడి, ఆరబోసి, జల్లెడ పట్టాను. ఈసారి పొడి పొడిగా దిగింది. వల మీద మిగిలినవి చూస్తే మా ఇంటి కొత్త చరిత్ర అంతా అక్కడే ఉంది: పాలిథీన్ పేలికలు, చొక్కా గుండీలు, బ్లేడు ముక్కలు, దువ్వెన పళ్ళు, పెన్ను గొట్టం. అమ్మ పక్కన కూర్చుని దిగిన పెంటను చేత్తో మళ్ళీ చూసేది. "ఇంక లేదు," అని ఆమె అంటేనే ఆ తట్ట కుప్పలోకి వెళ్ళేది.

ఫాల్గుణంలో కొత్త పెంట పై పొరను ఊరికే చూద్దామని జల్లించాను. వల మీద మెరుస్తూ పల్చటి కవరు ముక్కలు నిలిచాయి. ఒకటి రెండు కాదు, బోలెడు.

అమ్మ జల్లెడ వైపు, వదిన వైపు చూసింది. "ఒసే, నాకు తెలుసే. నీ మంచం కాడిదే ఇది. దొంగసాటుగా సింపి ఏసినావు."

"నాది మందంగా ఉంటాది అత్తా. ఇది సూడు, ఉల్లిపొరలాగ ఉన్నాది. నాదెలాగవుతాది?"

"మరెవరిది? ఆవు ఏసిందేటి?"

వదిన పిల్లను నా చేతిలో పెట్టి జల్లెడ దగ్గరికి వచ్చింది. ఒక కవరు తీసి కొంగుతో తుడిచింది. దాని మీద ఎర్ర రంగులో దీపం బొమ్మ, కింద శుభం అని ఉంది. మా వీధి చివర డబ్బున్న వాళ్ళింట్లో కిందటి నెల పెళ్ళి జరిగింది. తాంబూలంతో పాటు లడ్డూను ఆ కొత్త రకం కవర్లో పెట్టి ఇచ్చారు. పెళ్ళి భోజనాలైతే ఎప్పుడూ చేసినట్టే, పందిరి వెనక పడేసిన అడ్డాకుల ఎంగిలి విస్తళ్ళను అమ్మ తట్టలతో మోసుకొచ్చి గోతిలో వేసింది. అడ్డాకు మంచి ఎరువని ఆమెకు గురి. అక్కడే తిన్న వాళ్ళు లడ్డూ కవరును విస్తట్లోనే పెట్టి మడిచేశారు. మడిచిన విస్తరిని విప్పి చూసే అలవాటు ఎవరికుంటుంది?

"శుభం అంట అత్తా," అంది వదిన. "నా మంచం మీద శుభం అని రాసుందేటి, ఎల్లి సూసి రా."

పక్కింటావిడ గోడ మీద నుంచి గట్టిగా నవ్వింది. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గోతిలోకి దిగింది. ఆ పూటంతా మడిచిన విస్తరి మడిచినట్టే పైకి తీసి, ఒక్కొక్కటే విప్పి, చూసి, దులిపి పక్కన వేసింది. పొద్దు వాలేవేళకు వదిన కూడా పిల్లను నాకే వదిలేసి గోతిలోకి దిగింది. ఒకరు విప్పినదాన్ని ఒకరు దులుపుతున్నారు. తర్వాత ఆ వీధిలో ఏ పెళ్ళి జరిగినా అమ్మ విస్తళ్ళు తేవడం మానలేదు. విప్పకుండా మాత్రం తేలేదు. పందిరి వెనకే కూర్చుని విప్పేది. చూసిన వాళ్ళు నాలుగు మెతుకులకు ఏరుకుంటోందనుకున్నారు. అనుకోనిమ్మంది.

వైశాఖం వచ్చింది. మామయ్య బండి లేకుండా బస్సు మీద వచ్చాడు, చేతిలో మామిడిపళ్ళ బుట్టతో. మాట మీద నిలబడ్డాడన్నమాట. అమ్మ బుట్ట అందుకోలేదు. "పెరట్లోకి రా," అంది.

జల్లించిన పెంట కుప్ప పాక పక్కన గోనెల కింద ఉంది. నల్లగా, పొడిగా, వానకు తడిసిన నేల వాసనతో. మామయ్య ముందు నిలబడే చూశాడు. తర్వాత గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా దించి, అడుగు నుంచి పిడికెడు తీశాడు. మరో వైపు నుంచి మళ్ళీ తీశాడు. చేట అడిగి, అందులో పోసి, ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళు చూసినట్టు చెరిగి చూశాడు. ఒక అడ్డాకు పుల్ల, రెండు చింతగింజలు కనిపించాయి.

"బాగుంది పెంట," అన్నాడు. "అల్లుడు బాగా సేసినాడు. బండి పంపుతాను. మెట్టలో సోళ్ళ సేనుకి ఏస్తాను."

"మెట్టకి కాదు. నారుమడికి."

"అప్పా, ఇను. నారు పోతే ఏడాది పోతాది. నిరుడు పక్కూరోడి గుమ్మం ఎక్కినాను. మళ్ళీ ఎక్కలేను. బస్తా ఎరువు ఏసుకుంటే నాకు బయం ఉండదు."

ఆయన భయం న్యాయమైనదే. నేను జల్లించిన ప్రతి తట్టా నాకు తెలుసు. అయినా ఆయన మడికి హామీ ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. అమ్మ కుప్ప ముందు కూర్చుని, పెంటను చేత్తో సర్దుతూ ఆలోచించింది.

"నారు పోతే నీకొక్కడికేటి, నాకూ గింజుండదు," అంది చివరికి. "మడిని సగం సెయ్యి. సగంలో నీ ఇష్టం, బస్తా ఎరువు ఏసుకో. సగంలో నాది. నాది పండిపోనాదనుకో, ఆ సగానికి నారు నేనే అడుక్కొస్తాను, నువ్వు ఎవ్వడి గుమ్మమూ ఎక్కక్కర్లేదు. ఆ తరవాత నా నోటెంట పెంట మాట రాదు. బియ్యం మాటా రాదు. ఇంక సెప్పు."

"నువ్వెక్కడ అడుక్కొస్తావప్పా?"

"అది నా పని. సగం ఇస్తావా, ఇయ్యవా?"

మామయ్య చేతిలోని పెంట దులుపుకున్నాడు. "ఇస్తాను," అన్నాడు. "ముందు ఆ మామిడిపళ్ళు తీసుకో. ఎండలో పాడైపోతన్నాయి."

బండి వచ్చింది. పెంట ఎత్తేముందు కుప్పలో కనిపించిన తాటాకు తునకలు తీసి పక్కన పడేయమని నేను చెబితే, "అవి సివుకుతాయిరా, ఉండనీ," అంది అమ్మ. నిజమే. చేసిన పనిలో ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి.

జ్యేష్ఠంలో తొలకరి పడ్డాక విత్తనం చల్లారని కబురు వచ్చింది. తర్వాత ఏ కబురూ లేదు. అమ్మ అడగలేదు, ఎవరినీ అడగనివ్వలేదు. నారు పీకే వేళకు మాత్రం నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. మామయ్య ఊరి బయట బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే మడి కనిపించింది. మధ్యలో చిన్న గట్టు, ఇటు సగం, అటు సగం. దూరం నుంచి బస్తా ఎరువు వేసిన సగం ముదురాకుపచ్చగా, ఎత్తుగా ఉంది. మాది కొంచెం పొట్టి. నేను అక్కడే ఆగిపోయాను. అమ్మ నడక ఆపలేదు. చెప్పులు గట్టు మీద విడిచి, మడిలోకి దిగి, పీకే ఆడవాళ్ళ వరసలో నిలబడింది.

గుప్పెడు నారు పట్టి లాగింది. తేలిగ్గా రాలేదు, పట్టు ఉంది. గట్టిగా లాగేసరికి వేళ్ళు మట్టితో సహా వచ్చాయి, గుబురుగా, తెల్లగా. పాదానికేసి కొట్టి బురద దులిపింది. మరో గుప్పెడు. మరో గుప్పెడు. ఎక్కడా చాపలాగ లేవలేదు. పక్కనున్నావిడ, "పొట్టిదైనా మొదలు గట్టిగుందమ్మా, ఊడిస్తే నిలబడతాది," అంది. అమ్మ విననట్టే వంగి పీకుతూ పోయింది.

మామయ్య అవతలి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అమ్మ నడుం ఎత్తి, కట్టిన నారు కట్టను ఆయన కాళ్ళ దగ్గరికి విసిరింది. ఆయన దాన్ని తిరగేసి వేళ్ళు చూశాడు. ఎంతసేపు చూశాడంటే పీకే వాళ్ళు కూడా ఆగి ఆయన వైపు చూశారు.

"వచ్చే ఏడు నడిమి గట్టు తీసేస్తాను," అన్నాడు. "రెండు బండ్లు కడతాను. నిండుతాదేటి అప్పా, నీ గొయ్యి?"

"నిండుతాదా అని నన్నడగకు. నువ్వు బండ్లు కట్టు," అంది అమ్మ, మళ్ళీ వంగుతూ.